గడ్డం ఎత్తి చూసే అత్తగారు

కొత్త కళ్ళజోడు వచ్చిన దగ్గర్నుంచి స్తమెన్కా దేన్ని చూసినా గడ్డం పైకెత్తే చూస్తోంది. పొయ్యి మీద కాఫీ గిన్నెనైనా అంతే, బల్ల మీద రొట్టెనైనా అంతే, ఎదురుగా నిలబడ్డ కోడలినైనా అంతే. ఆ రోజు ఉదయం కూడా తల వెనక్కి వాల్చి, ముక్కు చివర నుంచి లోకాన్ని చూసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"వచ్చారండీ బిషప్ గారు," అన్నాడు ఆమె భర్త స్వెతోజార్, రొట్టె మీద చీజ్ ముక్క పెట్టుకుంటూ. "లేమ్మా నెవెనా, ఆశీర్వాదం తీసుకుందాం."

"ముందు మీసానికి అంటుకున్నది తుడుచుకో. ఆశీర్వాదం సంగతి తర్వాత చూద్దాం."

"గుమ్మంలోంచే నా మీసం కనబడిందా! అద్దాలు మంచివేనే!"

"దూరంగా ఉన్నంతసేపూ నువ్వు బాగానే కనబడతావు. దగ్గరికొస్తేనే తేడా కొడుతోంది."

కోడలు నెవెనా నవ్వు ఆపుకుని అత్తగారి ముందు కాఫీ కప్పు పెట్టింది. స్తమెన్కా గడ్డం ఎత్తి కప్పును చూసింది, మళ్ళీ కాస్త దించి చూసింది, చివరికి అదే చూపుతో కోడలిని చూసింది.

"నురగేదీ?"

"ఉందిగా అత్తయ్యా."

"ఏమో. నాకైతే కనబడలేదు."

నెవెనా ముఖం మాడిపోయింది. కప్పు అంచుదాకా నురగ పొంగి ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఐదేళ్ళలో ఆమె నేర్చుకున్న మొదటి విద్యే ఆ నురగ. ఉన్నదాన్ని లేదంటే ఇక ఏం మాట్లాడతాం? సింకు వైపు తిరిగి గిన్నెలతో గట్టిగా చప్పుడు చేసింది.

కళ్ళజోడు కొనిపెట్టింది కొడుకు సినీషా. టైర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు మార్చుకుని, తల్లిని పనిగట్టుకుని నీష్ నగరానికి తీసుకెళ్ళి, "మా అమ్మకి అన్నిటికన్నా మంచివి ఇవ్వండి" అని ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించాడు. పైభాగం దూరానికి, అడుగుభాగం దగ్గరికి, నడుమ భాగం నడిమి దూరానికి. మధ్యలో గీత కనబడదు. షాపులో అమ్మాయి, "మొదట్లో మసకగా, తేలిపోతున్నట్టు ఉంటుందమ్మా. అలవాటు పడాలి. లేచింది మొదలు పడుకునేదాకా ఇవే పెట్టుకోండి, పాతవి మళ్ళీ ముట్టుకోకండి" అంది. స్తమెన్కా ఒకరు చెప్పిన మాట వినే మనిషి కాదు. ఆ ఒక్క మాట మాత్రం ఎందుకో అక్షరాలా విన్నది. దారం కట్టి మెడలో వేలాడేసుకునే పాత కళ్ళజోడును ఇంటికొచ్చిన రోజే చెత్తలో పడేసింది.

అప్పట్నుంచి ఇంట్లో మెట్లు ఉన్నచోట ఉండటం మానేశాయి. మిరపకాయల బుట్టతో పెరట్లోకి దిగుతూ చివరి మెట్టు మీద కూలబడి, "మెట్టును జరిపింది నువ్వే కదూ!" అని మొగుడి మీద విరుచుకుపడింది. ఆ మెట్టు స్వెతోజార్ తాతగారు వేయించిన రాతి మెట్టు. దాన్ని జరపాలంటే నాలుగు ఎడ్లు కావాలి. ఆయన పాపం, పోట్లాడటం ఎందుకని "ఇంకెప్పుడూ జరపనులే" అని ఒప్పేసుకున్నాడు.

అదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, మగ్గం సంగతి లేకపోతే.

పిరోత్ ఊళ్ళో ఆ పేట మొత్తానికి స్తమెన్కా చేతి కిలీం తివాచీ అంటే పేరు. వాళ్ళింట్లో ముందుగదంతా మగ్గానిదే. గోడలా నిలబడి ఉండే మగ్గం. తివాచీ కింద నుంచి పైకి పెరుగుతుంది. మోకాళ్ళ ఎత్తులో మొదలుపెట్టిన బొమ్మల వరుస కళ్ళ ఎత్తుకు వచ్చి పూర్తయ్యాక, నేసినంత మేరా కింది దూలానికి చుట్టేసి మళ్ళీ మోకాళ్ళ దగ్గర్నుంచి కొత్త వరుస ఎత్తుకుంటారు. ఒకే పీట మీద ఇద్దరు కూర్చుంటారు. ఎడమ సగం అత్తది, కుడి సగం కోడలిది. అత్త లెక్క చెబుతుంటే రెండు జతల చేతులు కదులుతాయి.

"ఎరుపు మూడు. నలుపు ఒకటి. ఎరుపు రెండు. నలుపు దాటి వెనక్కి..."

ఉత్తరాన నోవి సాద్ మైదానాల నుంచి కోడలిగా వచ్చిన నెవెనా, మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు అత్తగారు ప్రార్థన చదువుకుంటున్నదనుకుంది. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడిపోయింది. ఎక్కడా కాగితం లేదు, గీసిన బొమ్మ లేదు. ఎర్రటి నేల మీద నల్లటి తాబేళ్ళు, వాటి చుట్టూ కొక్కేల అంచు, అన్నీ ఆ మనిషి తలలోనే ఉన్నాయి. మాటలు నోట్లోంచి వస్తుంటే తాబేళ్ళు పడుగు మీదికి పాకి వస్తున్నాయి. ఆ రోజు నుంచి నెవెనాకు అత్తగారంటే లోపల ఒకరకమైన భక్తి. పైకి ఎన్నిసార్లు అలిగినా అది మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు మగ్గం మీద ఉన్నది పేటలోని చర్చికోసం. అక్టోబర్ చివర్లో వచ్చే సెయింట్ పెట్కా పండుగకు ఆ తల్లి పటం ముందు పరవాలి. పెట్కా అంటే ఆడవాళ్ళ తల్లి, నూలూ నేతా ఆమెవే. ఆమె పండుగ రోజు పిరోత్‌లో మగ్గం ముట్టుకోరు. కాబట్టి అంతలోపు పూర్తి కావాలి.

కొత్త కళ్ళజోడు వచ్చిన కొన్నాళ్ళకు ఎడమ సగంలో ఒక తాబేలు కాలు పొడుగ్గా సాగింది. నెవెనా చూసింది, ఊరుకుంది. ఒకరి సగంలో ఇంకొకరు వేలు పెట్టకూడదని ఆ ఇంటి మగ్గం మర్యాద. తప్పు ఎవరిదైతే వాళ్ళే విప్పుకోవాలి, పక్కన కూర్చున్నవాళ్ళు చూసీ చూడనట్టు ఉండాలి. పైగా తను ఎవరు, స్తమెన్కాకు తప్పు చూపించడానికి? మర్నాటికల్లా ఆ కాలు విప్పి మళ్ళీ నేసి ఉంది. కానీ రెండు రోజులకు ఇంకో తాబేలు తల వంకరపోయింది. ఆ తర్వాత అత్తగారు పూర్తిగా మారిపోయింది.

"నువ్వు మిరపకాయలు చూసుకో. మగ్గం నేను చూసుకుంటా."

"ఇద్దరం కూర్చుంటే త్వరగా అవుతుంది కదా అత్తయ్యా?"

"అవసరం లేదన్నాను."

అన్నది గడ్డం ఎత్తి, ముక్కు మీదుగా చూస్తూ. నెవెనాకు గుండెల్లో గుచ్చుకుంది. ఐదేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని, ఇప్పుడు చర్చికి వెళ్ళే కిలీం అనేసరికి తన చెయ్యి పనికిరాలేదన్నమాట. మొగుడితో చెప్పుకుంటే, "అమ్మ సంగతి నీకు తెలీదా, నాలుగు రోజులుంటే అదే సర్దుకుంటుంది" అని దుప్పటి కప్పుకున్నాడు. ఆ ఇంట్లో మగవాళ్ళకు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

ఆ రోజు కాఫీ అయ్యాక స్తమెన్కా, "వెనిగర్ అయిపోయింది. బజారుకెళ్ళి తీసుకురా. తొందరేం లేదు, నింపాదిగా రా," అంది.

సెప్టెంబర్ ఎండలో పెరడంతా కాల్చిన మిరపకాయల వాసన. స్వెతోజార్ పెద్ద బాండీ ముందు కూర్చుని ఐవార్ పచ్చడి కలుపుతున్నాడు. నెవెనా సంచీ పట్టుకుని వీధిలోకి వచ్చిందో లేదో, పక్కింటామె గోడ మీంచి ఎక్కడికని అడిగి, "వెనిగర్ కోసం బజారు దాకా ఎందుకే, మా ఇంట్లో సీసాలకు సీసాలున్నాయి" అని ఒకటి చేతిలో పెట్టింది. సీసాతో వెనక్కి తిరిగి, వంటింటికి అడ్డదారని ముందుగది తలుపు తోసింది.

స్తమెన్కా మగ్గం ముందు నిలబడి ఉంది. చేతిలో ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర. పైదూలానికి కట్టిన పడుగు పోగులను గుప్పెట్లో పట్టుకుని ఉంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"నువ్వెందుకొచ్చావు? పో ఇక్కణ్ణుంచి."

నెవెనా సీసాను కిటికీలో పెట్టి ఒక్క అంగలో వెళ్ళి కత్తెర పట్టుకుంది. పడుగు తెగితే వేసవంతా చేసిన పని దండగ. మళ్ళీ అతికే వీలుండదు. ఇద్దరూ కత్తెర కోసం పెనుగులాడారు. చివరికి గెలిచింది కోడలే.

"ఇది మీ ఒక్కరిదే అనుకుంటున్నారా?" అంది నెవెనా. "ఇందులో సగం నాది. నా సగం నచ్చకపోతే ముఖాన చెప్పండి, విప్పేస్తాను. అంతేగానీ దొంగచాటుగా కోసేస్తారా?"

"నీ సగాన్ని నేనేమన్నాను?"

"అనాలా? ఆ కళ్ళజోడు వచ్చిన దగ్గర్నుంచి నన్ను చూసే చూపు చాలదూ? నేనేదో మీ ముక్కు కింద పాకే పురుగునైనట్టు! కాఫీలో నురగుంటే లేదంటారు, మగ్గం దగ్గరికొస్తే పొమ్మంటారు. ఐదేళ్ళ తర్వాత అంత పరాయిదాన్నయిపోయానా?"

స్తమెన్కా బిత్తరపోయి చూసింది. చూడటానికి మళ్ళీ గడ్డమే ఎత్తింది.

"అదిగో! అదే చూపు!"

"ఓసి పిచ్చిదానా," అంది స్తమెన్కా నీరసంగా. "గడ్డం ఎత్తకపోతే నీ ముఖం కనబడదే నాకు. కిందముక్కలోంచి చూస్తేనే దగ్గరివి కనబడతాయి. చిన్నచూపు కాదే అది, చూపే అంత."

ఇన్ని వారాలుగా నెవెనా దిండు తడిపిన కోపం ఇంత చిన్న సంగతా? నవ్వు రావలసిందే, కానీ పెద్దావిడ పీట మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకునేసరికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"నిన్ను పొమ్మన్నది నీ చెయ్యి బాగాలేక కాదు. నా తప్పులు నువ్వు చూడకూడదని."

"తప్పులేమిటి అత్తయ్యా, ఎవరి చెయ్యి తప్పదు?"

"నాది తప్పదు." ఆ మాటలో గర్వం లేదు, భయం ఉంది. "నలభై ఏళ్ళు తప్పలేదు. ఇప్పుడు పొద్దున నేసింది సాయంత్రం విప్పుతున్నా. నా మతి పోతోందే నెవెనా. మా అమ్మకీ ఇలాగే అయింది. ముందు మగ్గం మీద లెక్క మరచిపోయింది. ఆ తర్వాత ఇంటి దారి మరచిపోయింది. చివరికి నన్ను పట్టుకుని ఎవరమ్మా నువ్వు, ఎవరింటి పిల్లవి అని అడిగింది. పండుగకి అందరి ముందూ ఈ కుంటి తాబేళ్ళను పరిచి, పాపం స్తమెన్కాకి కూడా మొదలైంది అనిపించుకోనా? దానికంటే పడుగు తెగిపోయిందని చెప్పేసి, మగ్గం విప్పి అటక మీద పడేస్తే మర్యాదగా ఉంటుంది కదా!"

బాండీలో గరిట తిరుగుతున్న చప్పుడు పెరట్లోంచి వినిపిస్తోంది. నెవెనా కత్తెరను దూరంగా బల్ల మీద పెట్టి వచ్చి అత్తగారి పక్కన, పీట మీద తన చోట్లో కూర్చుంది. అంత గట్టి మనిషి ఇంతకాలం ఈ భయాన్ని ఒంటరిగా మోసి, తమ అందరితో పరాచికాలాడుతూ తిరిగిందా అనుకుంది.

"కళ్ళు సరిగా కనబడక తప్పు పడి ఉండొచ్చు కదా అత్తయ్యా?"

"కొత్త కళ్ళజోడు ఉండగా తప్పు కళ్ళదెలా అవుతుందే? పాతవాటితో సరిగ్గా నేసి, ఇంత మంచివాటితో తప్పానంటే లోపం తలలోనే కదా? మసకంటావా, అది ఉంటుందని షాపు పిల్ల ముందే చెప్పింది. అలవాటు పడుతున్నా."

నెవెనా మగ్గం వైపు చూసింది. అంతవరకు మర్యాదకు తల తిప్పుకున్న ఎడమ సగాన్ని ఈసారి మర్యాద పక్కనపెట్టి, కింద నుంచి పైదాకా వేలితో తడుముతూ చూసింది. తర్వాత తన సగాన్ని చూసింది. మళ్ళీ అత్తగారిది చూసింది.

"అత్తయ్యా, ఈ వరుస మనం ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. నన్ను పొమ్మనేదాకా లెక్క ఎవరు చెప్పారు?"

"నేనే. ఇంకెవరు చెబుతారు?"

"మరి నా తాబేలు చూడండి. తలా కాళ్ళూ అన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి. నువ్వు సర్దుకున్నావుగా. నేను తప్పు చెప్పినా, పాపం ముసల్దని మాట్లాడకుండా సరిచేసుకుని నేశావు. నాకు తెలీదనుకున్నావా?"

"నేనా? సరిచేశానా?" నెవెనా గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒట్టు అత్తయ్యా, నాకంత తెలివుంటే ఇంకేం కావాలి! నాకు తాబేలు నేయడం రాదు, మీ మాట నేయడమే వచ్చు. మీరు ఎరుపు మూడంటే మూడు, నలుపు ఒకటంటే ఒకటి. మీరు ఆపేస్తే ఆ తర్వాత ఏ రంగో కూడా నాకు తెలీదు. మీ తల లెక్క తప్పి ఉంటే నా తాబేలు కూడా కుంటిదే కావాలి కదా?"

స్తమెన్కా ముఖం మీంచి చేతులు దించింది.

"ఇంకోటి. మీ తాబేళ్ళన్నిటికీ కింది కాళ్ళు చక్కగా ఉన్నాయి. తప్పిందల్లా పై కాళ్ళూ తలలే. మతి పోయేదైతే కింద ఉండి పైన పోతుందా? కింద నేస్తున్నప్పుడు మీరు తల వంచి, అద్దం అడుగుముక్కలోంచి చూస్తారు. నేత కళ్ళ ఎదురుగా వచ్చేసరికి, లెక్క ధ్యాసలో గడ్డం ఎత్తడం మరచిపోతారు, చూసేది పైముక్కలోంచి. అది దూరానికి కదా? వీధి చివర గంటస్తంభం చూడాల్సిన అద్దంలోంచి మీరు పోగులు ఏరుతున్నారు!"

ఆమె లేచి, రెండు వేళ్ళతో అత్తగారి కళ్ళజోడును నుదుటి వైపు కాస్త పైకి ఎత్తిపట్టుకుంది. అడుగుభాగం సరిగ్గా కళ్ళ ముందుకు వచ్చింది.

"ఇప్పుడు చూడండి."

స్తమెన్కా చూసింది. ఎత్తు మీదున్న తాబేలు తల దగ్గర నలుపూ ముదురు నీలమూ ఇన్నాళ్ళు ఒకటే మడ్డిలా కనబడ్డాయి. ఇప్పుడు ఏ పోగుకు ఆ పోగు విడివిడిగా నిలబడింది. ఆమె చెయ్యి దానంతటదే లేచి వెళ్ళి ఒక నల్లపోగు మీద ఆగింది.

"ఇది ఇక్కడ ఉండకూడదు," అంది మెల్లగా. "ఇది రెండు పోగుల అవతల దిగాలి. ఎవరు నేశారే ఇంత అసహ్యంగా?"

"మీరే."

"నేనే!" స్తమెన్కా పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళజోడు తీసేసింది. కళ్ళు మూసుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా లెక్క మొదలుపెట్టింది. తాబేలు తల, మెడ, పై కాళ్ళు, ఆపైన కొక్కేల అంచు, అంచు తర్వాత మూల తిరిగే చోటు, ఎక్కడా తడబడలేదు. నెవెనా తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండిపోయింది. ఐదేళ్ళ కిందట గుమ్మంలో నిలబడినట్టే ఇప్పుడూ ఆమెకు కదలబుద్ధి కాలేదు. లెక్క చివరికి వచ్చేసరికి మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు చెంపల మీదికి దిగాయి.

"ఉంది," అంది స్తమెన్కా. "అంతా ఉందే తల్లీ. ఎక్కడికీ పోలేదు."

కోడలి మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లలా ఏడ్చింది. నెవెనా కూడా ఏడ్చింది. ఆ ఏడుపు విని స్వెతోజార్ గరిటతో సహా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైందే? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నాకు మతి పోలేదయ్యా! నెవెనా తేల్చి చెప్పింది!"

"పోయిందని ఎవరన్నారు?"

"నేనే అనుకున్నా. మా అమ్మలా అయిపోతున్నానని. కొన్ని వారాలుగా అదే భయం."

ఆయన ముఖంలో పరాచికమంతా ఆరిపోయింది. గరిట నుంచి ఎర్రటి పచ్చడి చుక్కలు నేల మీద పడుతున్నా పట్టించుకోకుండా వచ్చి, భార్య ముందు ముసలి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇన్ని రోజులూ పక్కన పడుకుని ఒక్క మాట చెప్పలేదేమే నాతో?" అన్నాడు. "నేనేమో బిషప్పని ఎగతాళి చేస్తూ కూర్చున్నా. వెధవని!"

"అది నాకు ఎప్పుడో తెలుసు," అంది స్తమెన్కా ముక్కు తుడుచుకుంటూ. "ముందు వెళ్ళి పచ్చడి చూడు, మాడు వాసనొస్తోంది."

మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చిన సినీషాకు సంగతంతా చెప్పారు. కళ్ళజోడు కొన్న రోజు షాపులో అతను తల్లి పేపరు చదువుతుందని చెప్పాడు, టీవీ చూస్తుందని చెప్పాడు. మగ్గం మాట మాత్రం తట్టనే లేదు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో ఉన్న మగ్గం కదా, గోడలాగే అదీ కళ్ళకు ఆననిదైపోయింది. తల్లి రెండు చేతులూ పట్టుకుని, మగ్గం కోసం వేరే జోడు వేయిద్దామని, రేపే నీష్ వెళ్దామని అన్నాడు. అంతవరకు ఆగే ఓపిక స్తమెన్కాకు లేదు. కుర్చీల మీది దిండ్లన్నీ తెచ్చి పీట మీద ఒకదానిమీద ఒకటి వేయించుకుని, ఎక్కి కూర్చుంది. నేత ఆమె ఛాతీ ఎత్తుకు దిగివచ్చింది.

"ఇప్పుడు నిజంగానే బిషప్ సింహాసనం," అని గొణిగాడు స్వెతోజార్. ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది స్తమెన్కానే.

మగవాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక, ఆమె తప్పుపడిన పోగులు విప్పుతూ, తలెత్తకుండానే అంది, "రేపట్నుంచి నీకు లెక్కలన్నీ నోటికి నేర్పిస్తా. తాబేలు ఒక్కటే కాదు, మా అమ్మవీ మా అమ్మమ్మవీ అన్నీ. నా తలలో ఉన్నదంతా నీ తలలోకి రావాలి."

"ఇప్పుడెందుకు అత్తయ్యా? మీ తల బాగానే ఉందని తేలిందిగా. ఇంకా తొందరేముంది?"

"తొందర లేదు కాబట్టే నేర్పిస్తానంటున్నా," అంది స్తమెన్కా. "పోతుందేమోనని భయపడినన్నాళ్ళూ నీకు ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు. చెప్పేస్తే అదే ఆఖరు అవుతుందనిపించింది. ఇప్పుడా భయం లేదు. దగ్గరికి జరుగు, దూరంగా కూర్చుంటే ఎలా?"

నెవెనా జరిగి, అత్తగారి భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"చెప్పండి," అంది.